మాట వినని పలక

మీరు సంత్రాగాఛి స్టేషనులో ఖరగ్‌పూరు లోకల్ బండి కోసం కూర్చున్నారనుకోండి. హౌరాలో బయలుదేరి మన వైపు వచ్చే బండ్లు ఈ స్టేషను దాటే రావాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ దారి తెలుగువాళ్ళకు కొత్తది కాదు. రైల్వే ఉద్యోగాల కోసం ఖరగ్‌పూరు వెళ్ళి అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. స్టేషను పక్కనే పెద్ద ఝీలు ఉంది. చలికాలం వచ్చిందంటే దాని నిండా ఈల వేసే బాతులు.

బాతుల్ని చూసే తీరిక ఇప్పుడు మీకు లేదు. మీ ఒళ్ళో ఒక పాత లాప్‌టాప్ ఉంది. రాత్రి పన్నెండులోగా ఒక ఉద్యోగానికి దరఖాస్తు పంపాలి. అన్ని గళ్ళూ నింపారు, ఇక చివరి మీట నొక్కడమే తరువాయి. టచ్‌ప్యాడ్ మీద వేలు పెట్టి జరిపితే బాణం గుర్తు కదలదు. మళ్ళీ జరిపితే ఒక్క దూకు దూకి తెర మూలన నక్కుతుంది. వేలు తీసేశాక తనంతట తానే దేన్నో నొక్కుతుంది. అరగంట కష్టపడి నింపిన పేజీ మాయం!

మర్నాడు ఎవర్నయినా అడగండి. ఒకరు “ప్యాడ్ పోయింది, మార్చాలి” అంటారు. ఇంకొకరు “డ్రైవరు అప్‌డేట్ చేసి చూడండి” అంటారు. రెండో సలహా మంత్రం లాంటిది. ఏ డ్రైవరు, ఎందుకు, అది మారితే ప్యాడు ఎందుకు బాగుపడాలి అని మాత్రం ఎవరూ చెప్పరు. ఒక్కోసారి మంత్రం పారుతుంది, ఒక్కోసారి పారదు. మంత్రం పారని యంత్రాల్లో కొన్ని ఏ లోపమూ లేకుండానే పాత సామాన్ల కొట్టుకు చేరుతుంటాయి.

ఈ మంత్రం ఎప్పుడు పారుతుందో తెలియాలంటే టచ్‌ప్యాడ్ చరిత్ర తెలియాలి. ఎందుకంటే అది మీరు అనుకుంటున్నట్టు ఉత్త పలక కాదు.

వేలి జాడ ఎలా తెలుస్తుంది?

టచ్‌ప్యాడ్ మీద గట్టిగా నొక్కక్కర్లేదు, ఊరికే తాకితే చాలు. అదే వేలికి మందపాటి ఉన్ని తొడుగు వేసుకుని తాకండి, పలక పట్టించుకోదు. అంటే అది ఒత్తిడిని కాదు చూసేది. మరి దేన్ని?

పై పొర కింద సన్నని లోహపు పట్టీలు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని పరిచి ఉంటాయి. అవి ఒకదానికొకటి తగలవు. దగ్గర దగ్గరగా ఉండి తగలని రెండు లోహాలు ఉంటే అక్కడ కొంత విద్యుదావేశం నిలవ ఉంటుందని బడిలో చదువుకున్నాం. దాన్నే కెపాసిటరు అంటారు. మన శరీరంలో ఉన్నది చాలావరకు ఉప్పునీళ్ళే కనక అది కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. వేలు దగ్గరకు రాగానే ఆ పట్టీల దగ్గర నిలవ ఉండే ఆవేశం కాస్త మారుతుంది. ఈ మార్పు ఎంతో తెలుసా? ఒక పికోఫారడ్ కంటే కూడా తక్కువ. పికోఫారడ్ అంటే ఫారడ్‌లో లక్ష కోట్లవ వంతు! ఇంత చిన్న మార్పును సెకనుకు ఎన్నో పదుల సార్లు కొలిచి, ఏ అడ్డపట్టీ దగ్గర, ఏ నిలువుపట్టీ దగ్గర మార్పు ఎక్కువగా ఉందో చూసి, “వేలు ఇక్కడుంది” అని లెక్క కట్టాలి.

ఇంత సున్నితమైన కొలతకు చికాకులూ అన్నే ఉంటాయి. చెమట చుక్క పడితే పలకకు అది ఇంకో వేలులా తోస్తుంది. చార్జరుకు ఎర్తు సరిగా లేకపోతే దానిలోంచి వచ్చే విద్యుత్ రొద ఈ చిన్న కొలతను ముంచేస్తుంది. అందువల్ల ఏది నిజమైన వేలో, ఏది చెమటో, ఏది టైపు చేస్తూ పొరపాటున ఆనించిన అరచేతి అంచో తేల్చుకోవాలి. ఈ తేల్చే పని తీగలు చెయ్యలేవు. అందుకే ప్రతి టచ్‌ప్యాడ్ లోనూ ఒక చిన్న కంప్యూటరు ఉంటుంది. దానికి సొంత ప్రోగ్రాము కూడా ఉంటుంది. అంటే మీ ఒళ్ళో ఉన్నవి రెండు కంప్యూటర్లన్నమాట. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఈ రెండూ మాట్లాడుకోవాలి. చిక్కంతా ఆ మాటల్లోనే వస్తుంది.

కార్డుల నుంచి ఎలుక దాకా

సంత్రాగాఛి నుంచి చూస్తే హుగ్లీ నది అవతలి ఒడ్డున, ఉత్తరంగా బరానగర్ ఉంది. మహలనబీస్ నెలకొల్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నది అక్కడే. మన దేశంలోకి మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరు వచ్చింది ఆ సంస్థకే, 1950 దశకం నడుమ. ఇంగ్లండు నుంచి దిగిన ఆ యంత్రం పేరు హెచ్.ఇ.సి.-2ఎం. ఆ రోజుల్లో యంత్రంతో మాట్లాడాలంటే అట్టముక్కలకు చిల్లులు పొడిచి అందించాలి. జవాబు కోసం కాచుకుని కూర్చోవాలి. “ఇదిగో, ఇది” అని వేలు పెట్టి చూపించే సదుపాయం లేదు.

ఆ సదుపాయం కోసం 1960ల్లో రెండు దారులు తెరుచుకున్నాయి. ఇంగ్లండులో మాల్వెర్న్ దగ్గర రాడార్ పరిశోధన సంస్థలో ఇ.ఎ. జాన్సన్ అనే ఇంజనీరు, విమానాల రాకపోకలను అదుపు చేసేవారి కోసం వేలితో తాకే తెరను 1965లో వర్ణించాడు. అది కూడా కెపాసిటరు సూత్రం మీద పనిచేసేదే. అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్ కలిసి కొయ్య పెట్టెకు చక్రాలు తగిలించి మౌస్ తయారు చేశారు. 1968 డిసెంబరు 9న ఎంగెల్‌బార్ట్ దాన్ని సభలో వాడి చూపించాడు.

తరవాతి ఇరవై ఏళ్ళలో గెలిచింది ఎలుకే. కాని ఒళ్ళో పెట్టుకునే కంప్యూటరు వచ్చేసరికి ఎలుకకు చోటు లేకపోయింది. రైలుపెట్టెలో కూర్చుని మౌస్ ఎక్కడ దొర్లిస్తారు? 1983లో వచ్చిన గావిలన్ అనే చిన్న కంప్యూటరులో కీబోర్డు పైన తాకుడు పలక పెట్టారు గాని అది నిలదొక్కుకోలేదు. 1991లో ఆపిల్ కంపెనీ పవర్‌బుక్‌లలో చేతి కింద తిరిగే బంతి అమర్చింది. బంతి కింద దుమ్ము చేరేది. 1992లో ఐ.బి.ఎం. థింక్‌ప్యాడ్ కీబోర్డు మధ్యలో ఎర్రటి చిన్న బొడిపె పెట్టింది.

అమెరికాలో జార్జ్ గెర్‌ఫైడ్ అనే శాస్త్రజ్ఞుడు వేలి జాడ పట్టే పలకకు మెరుగైన పద్ధతి కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. 1994 మేలో ఆపిల్ పవర్‌బుక్ 500 వరుస లాప్‌టాప్‌లు టచ్‌ప్యాడ్‌తో వచ్చాయి. బంతి పోయి పలక వచ్చింది. మరో పక్క ఫెడెరికో ఫాజిన్, కార్వర్ మీడ్ కలిసి 1986లో సినాప్టిక్స్ అనే సంస్థ పెట్టారు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 మైక్రోప్రాసెసరును రూపొందించినవారిలో ముఖ్యుడు ఈ ఫాజినే. మెదడులోని నాడీకణాల వలను అనుకరించే చిప్పులు తయారు చెయ్యాలని వాళ్ళ ఆశయం. సంస్థకు ఆ పేరు పెట్టింది కూడా నాడీకణాలు కలిసే సంధిని తలుచుకునే. చివరికి ఆ సంస్థకు అన్నం పెట్టింది మాత్రం వేలి జాడ పట్టే పలకే. 1990 దశకం నడిమికి అది టచ్‌ప్యాడ్ల తయారీలోకి దిగింది.

పలక వేసిన ఎలుక వేషం

ఇక్కడే మన కథలో అసలు మలుపు వస్తుంది. పలక కొత్తది, కంప్యూటర్లు పాతవి. వాటికి తెలిసిన భాష ఎలుక భాష ఒక్కటే. 1987లో ఐ.బి.ఎం. పి.ఎస్.-2 అనే కంప్యూటర్లతో పాటు మౌస్‌కూ కీబోర్డుకూ ఒక కలయిక పద్ధతి తెచ్చింది. ఆ కంప్యూటర్లు పోయినా ఆ పద్ధతి నిలిచిపోయింది. కొత్త పలక బజారులో చెల్లాలంటే ఎలుక వేషం కట్టక తప్పలేదు.

ఆ భాష ఎంత చిన్నదో చూడండి. మౌస్ కదిలినప్పుడల్లా మూడు బైట్లు పంపుతుంది. మొదటి దానిలో ఏ మీట నొక్కారో ఉంటుంది. రెండో దానిలో పక్కకు ఎంత జరిగిందో, మూడో దానిలో పైకీ కిందకీ ఎంత జరిగిందో ఉంటుంది. మూడు పెట్టెల రైలు అనుకోండి. ఒకదాని వెంట ఒకటి అలాంటి రైళ్ళు వస్తూనే ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉండదు. మీరు సంత్రాగాఛి గట్టు మీద కూర్చుని పెట్టెల్ని మూడేసి చొప్పున లెక్క పెడుతున్నారు. ఎక్కడో ఒక పెట్టె తప్పిపోయింది. ఇక మీ లెక్కలో ముందు బండి చివరి పెట్టె స్థానంలో వెనక బండి ఇంజను వచ్చి చేరుతుంది. పక్కకు జరగడాన్ని మీట నొక్కడం అనుకుంటారు, మీట నొక్కడాన్ని కిందకు జరగడం అనుకుంటారు.

బాణం గుర్తు ఉన్నట్టుండి మూలకు దూకడం, ఎవరూ నొక్కకుండానే నొక్కినట్టు కావడం – ఈ రెంటికీ ఆ తరం లాప్‌టాప్‌లలో ఇదొక ముఖ్య కారణం. లినక్స్ వాడేవారికి అప్పట్లో యంత్రం తన దినచర్యలో “మొదటి బైటు దగ్గర లయ తప్పింది” అని అర్థం వచ్చే వాక్యం పదే పదే రాసిపెట్టేది. కీబోర్డునూ టచ్‌ప్యాడ్‌నూ చూసుకునే చిప్పు మీదనే, బ్యాటరీలో ఎంత మిగిలిందో చూసే పని కూడా కొన్ని యంత్రాల్లో పడేది. అది బ్యాటరీ వైపు తిరిగిన క్షణంలో ఒక పెట్టె తప్పిపోయేది. ఇప్పుడు చెప్పండి, ఇందులో పలక తప్పేముంది? పలకను మార్చితే ఏమవుతుంది?

పలకకు ఇంకో బాధ కూడా ఉండేది. దానికి చెప్పడానికి చాలా సంగతులు ఉన్నాయి: వేలు ఎక్కడుంది, ఎంత వెడల్పుగా ఆనింది, ఒక వేలా రెండా. ఎలుక భాషలో వీటికి మాటలే లేవు. అందుకని తయారీదారులు ఒక తమాషా ఉపాయం పన్నారు. సినాప్టిక్స్ పలకల సంగతే చూడండి. కంప్యూటరు దానికి “నీ సున్నితత్వం ఇంతకు మార్చుకో” అనే మామూలు ఎలుక ఆజ్ఞను వరసగా నాలుగుసార్లు ఇచ్చి, ఆ వెంటనే “నీ పరిస్థితి చెప్పు” అని అడగాలి. మామూలు మౌస్ ఇందులో వింత ఏమీ చూడదు, మామూలుగా జవాబిస్తుంది. సినాప్టిక్స్ పలక మాత్రం ఇది రహస్య సంకేతమని గుర్తుపట్టి, జవాబులోని నడిమి బైటులో 47 అనే సంఖ్యను, పదహారు అంకెల పద్ధతిలో, పెట్టి పంపుతుంది. “నేను ఎలుకను కాను, పలకను” అని చెవిలో చెప్పడమన్నమాట! ఆ తరవాత అది మూడు బైట్లకు బదులు ఆరు బైట్లతో, సెకనుకు 80 సార్ల వరకూ వేలి జాడ మొత్తం చెప్పగలదు. ఈ తలుపు తట్టే పద్ధతి ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉండేది.

తలుపు ఎలా తట్టాలో తెలిసిన ప్రోగ్రామే టచ్‌ప్యాడ్ డ్రైవరు. పెద్ద కంప్యూటరులో అది లేకపోతే పలక ఎలుక వేషంలోనే ఉండిపోతుంది. బాణం గుర్తు కదులుతుంది కాని రెండు వేళ్ళతో పేజీ జరగదు, టైపు చేస్తుంటే అరచేయి తగిలినా నొక్కినట్టే అవుతుంది. విండోస్ మళ్ళీ వేయించుకొచ్చాక “టచ్‌ప్యాడ్ పాడు చేశారు” అని చాలామంది కొట్టువాడితో పోట్లాడింది అందుకే. అతడు పాడు చెయ్యలేదు, తలుపు తట్టేవాణ్ణి లోపల పెట్టడం మరిచిపోయాడు.

ఫర్మ్‌వేరు అంటే ఏమిటి?

డ్రైవరు పెద్ద కంప్యూటరులో ఉండే దుబాసీ. మరి పలక లోపలి చిన్న కంప్యూటరు ప్రోగ్రామును ఏమంటారు? దాన్నే ఫర్మ్‌వేరు అంటారు. ఈ మాటను 1967లో డేటామేషన్ పత్రికలో ఆషర్ ఓప్లర్ అనే ఆయన పుట్టించాడు. తీగలూ చిప్పులూ గట్టి సరుకు, ప్రోగ్రాములు మెత్తని సరుకు, ఈ రెంటికీ నడుమ ఉండేది ఇది. ఓప్లర్ ఉద్దేశించింది ప్రాసెసరు లోపలి సూక్ష్మ ఆజ్ఞలను. తరవాత్తరవాత ఏ పరికరంలోనైనా శాశ్వతంగా కుదిర్చిన ప్రోగ్రాముకు ఆ పేరే స్థిరపడింది.

మొదట్లో ఇది నిజంగా శాశ్వతమే. ఫ్యాక్టరీలో చిప్పులో పోతపోసినట్టు రాసేవారు. తప్పు దొర్లితే చిప్పు మార్చడమే. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ అతినీలలోహిత కాంతితో చెరిపి తిరిగి రాసే చిప్పు తయారు చేశాడు. జపానులో తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని రూపొందించి 1984లో లోకానికి వెల్లడించాడు. దీన్ని విప్పకుండా, ఊడదీయకుండా, యంత్రంలో ఉండగానే విద్యుత్తుతో చెరిపి రాయవచ్చు. “ఫర్మ్‌వేరు అప్‌డేట్” అనే మాటకు అర్థం వచ్చింది ఇందువల్లనే. లాభంతో పాటు ఒక ప్రమాదం కూడా వచ్చింది. పాతది చెరిపి కొత్తది రాస్తుండగా కరెంటు పోతే, అటు పాతదీ ఉండదు, ఇటు కొత్తదీ ఉండదు.

వేళ్ళు పెరిగాయి, భాష చాల్లేదు

అమెరికాలో డెలవేర్ విశ్వవిద్యాలయంలో వేన్ వెస్టర్‌మన్ అనే విద్యార్థికి టైపు చేసి చేసి చేతులు నొప్పి పుట్టేవి. మీటలు నొక్కకుండా, చేతివేళ్ళన్నిటినీ తేలిగ్గా ఆనించి పని జరుపుకునే పలక కోసం ఆయన తన ఆచార్యుడు జాన్ ఎలియాస్‌తో కలిసి పనిచేశాడు. 1998లో ఇద్దరూ ఫింగర్‌వర్క్స్ సంస్థ పెట్టారు. 2005లో ఆపిల్ దాన్ని కొనేసింది. 2007లో ఐఫోన్, 2008లో మాక్‌బుక్ ఎయిర్ పలక వచ్చాక, రెండు మూడు వేళ్ళతో జరపడం, గిల్లినట్టు చేసి బొమ్మ పెంచడం జనానికి అలవాటయిపోయాయి.

పి.ఎస్.-2 ఎలుక భాషలో ఇన్ని వేళ్ళ కబుర్లు పట్టడం కష్టమయింది. ఫిలిప్స్ కంపెనీ 1982లో టెలివిజన్ల వంటి వాటి లోపలి చిప్పులు మాట్లాడుకోవడానికి ఐ2సి అనే రెండు తీగల పద్ధతి తయారు చేసింది. ఒక తీగ మీద మాట, రెండో తీగ మీద తాళం. ముప్పై ఏళ్ళ తరవాత ఆ తీగలు టచ్‌ప్యాడ్‌కు పనికొచ్చాయి. 2012లో విండోస్ 8తో పాటు మైక్రోసాఫ్ట్, ఆ తీగల మీద పలకలు మాట్లాడవలసిన ఉమ్మడి భాషను ప్రకటించింది. 2013లో విండోస్ 8.1తో “ప్రెసిషన్ టచ్‌ప్యాడ్” అనే ఒప్పందం వచ్చింది. దాని సారాంశం ఇది: పలక తెలివితేటలు చూపించక్కర్లేదు. ఏ వేలు ఎక్కడుందో నిజాయితీగా చెబితే చాలు. ఆ వేళ్ళ కదలికకు అర్థమేమిటో విండోసే తేల్చుకుంటుంది. లినక్స్ కూడా అదే ఉమ్మడి భాష నేర్చుకుంది. 2014 నుంచి లిబ్‌ఇన్‌పుట్ అనే ప్రోగ్రాము అక్కడ ఆ అర్థం చెప్పే పని చేస్తోంది.

గమనించారా? కంపెనీకో రహస్య భాష ఉన్న రోజుల్లో తప్పు తరచు కంపెనీ డ్రైవరులో ఉండేది. ఉమ్మడి భాష వచ్చాక తప్పు ఉండే చోటు మారింది. ఇప్పుడు పలకకూ ప్రాసెసరుకూ నడుమ ఐ2సి తీగలను చూసుకునే డ్రైవరు ఉంది. ఆ తీగలు ఎక్కడున్నాయి, “వేలు వచ్చింది, చూడు” అని పిలిచే గంట తీగ ఏది అన్న సమాచారం మదర్‌బోర్డు ఫర్మ్‌వేరులో, అంటే మనం బయాస్ అనే దానిలో, పట్టికగా రాసి ఉంటుంది. ఆ పట్టికలో తప్పు ఉంటే పలకా మంచిదే, డ్రైవరూ మంచిదే, అయినా పిలుపు అందదు. బయాస్ అప్‌డేట్‌తో ఒక్కోసారి టచ్‌ప్యాడ్ బాగుపడడం వింతగా కనిపిస్తుంది గాని, కారణం ఇదే.

రెండు బిట్ల కథ

2020లో కొన్ని కొత్త లాప్‌టాప్‌ల మీద లినక్స్ వేసుకున్నవారికి టచ్‌ప్యాడ్ పనిచెయ్యలేదు, చేసినా ఈడ్చుకుంటూ నడిచింది. విండోస్‌లో అదే పలక చక్కగా పనిచేసేది. కాబట్టి పలక చెడలేదు. వాడకందారులే కూర్చుని వెతికారు. చివరికి దొరికిన తప్పు ఎక్కడుందో తెలుసా? పలక డ్రైవరులో కాదు. గంట తీగను చూసుకునే చిప్‌సెట్ డ్రైవరులో.

గంట మీట నొక్కినప్పుడు లోహం అదిరి, ఒక నొక్కు పది నొక్కులుగా కనిపించకుండా అక్కడ ఒక వడపోత పెడతారు. “ఒక పిలుపు వచ్చాక ఇంతసేపు మరో పిలుపు లెక్కచెయ్యకు” అని దాని ఆజ్ఞ. ఆ వడపోతను తీసెయ్యవలసిన చోట డ్రైవరు సరిగా తియ్యలేదు. సెకనుకు ఎన్నో పదుల సార్లు మోగవలసిన గంట, పదిసార్లు కూడా మోగకుండా పోయింది. రిజిస్టరులో రెండు బిట్లను సున్నా చెయ్యాలి. అది చేశాక పలక మామూలయింది. ఆ సవరణ ఆ ఏడాది చివర లినక్స్‌లో చేరింది. ఈలోగా ఎవరయినా పలక విప్పి మార్చి ఉంటే? కొత్త పలక కూడా అలాగే ఈడ్చుకునేది!

మరి మీ లాప్‌టాప్ సంగతి?

ఈ చరిత్రంతా చెప్పింది ఇందుకే. మీ పలక ఏ తరానిదో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. వరస మాత్రం తప్పకండి.

ముందు కంటితో చూడండి. లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి పక్కనుంచి గమనించండి. పలక పైకి ఉబ్బిందా? మీట నొక్కుడు గట్టిపడిందా? చాలా యంత్రాల్లో దాని కింద బ్యాటరీ ఉంటుంది. అది ఉబ్బితే పలకను కింద నుంచి నెడుతుంది. అలాగయితే యంత్రం వెంటనే ఆపేసి బాగుచేసేవారికి ఇవ్వండి. ఉబ్బిన లిథియం బ్యాటరీ అంటుకునే ప్రమాదం ఉంది. ఏ డ్రైవరూ దాన్ని బాగుచెయ్యలేదు.

ఉబ్బు లేకపోతే చేయీ పలకా పొడిగుడ్డతో తుడవండి. వానాకాలం హౌరాలో అయినా, కాకినాడలో అయినా గాలిలో తేమకు కొదవ లేదు. తరవాత చార్జరు పీకి చూడండి. పీకగానే బాణం గుర్తు కుదుటపడితే, దోషం చార్జరుదో, గోడ ప్లగ్గులో ఎర్తుదో అన్నమాట. టచ్‌ప్యాడ్‌ను ఆపే మీట చాలా లాప్‌టాప్‌లలో కీబోర్డు పై వరసలో ఉంటుంది, పొరపాటున నొక్కారేమో చూడండి.

ఆ పైన రీస్టార్ట్ చెయ్యండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. విండోస్ 8 నుంచి చాలా యంత్రాల్లో షట్‌డౌన్ చేస్తే కంప్యూటరు పూర్తిగా మరిచిపోదు, త్వరగా లేవడానికి వీలుగా సగం జ్ఞాపకం దాచుకుని పడుకుంటుంది. తప్పు కూడా ఆ జ్ఞాపకంలోనే ఉండవచ్చు. రీస్టార్ట్ చేస్తే మొదటి నుంచి మొదలు పెడుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో, హార్డు డిస్కును ముట్టుకోకుండా, యంత్రాన్ని లేపి చూడండి. అక్కడ పలక బాగా పనిచేస్తే పలకా తీగలూ బాగున్నట్టే, లోపం విండోస్ వైపు ప్రోగ్రాముల్లో ఉన్నట్టు. అక్కడ కూడా అదే అల్లరి చేస్తే, పలక లోపలో, దాన్ని కలిపే పట్టీ తీగలోనో, బయాస్ లోనో అనుమానించాలి. అయితే 2020 నాటి కథ గుర్తుంచుకోండి. ఒక్క లినక్స్‌లో పనిచెయ్యనంత మాత్రాన పలకకు శిక్ష వెయ్యకూడదు.

తరవాత విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. పలక ఎలుకల జాబితాలో “పి.ఎస్.-2 మౌస్” అని కనిపిస్తే అది వేషంలో ఉంది, దాని కంపెనీ డ్రైవరు కావాలి. “ఐ2సి హెచ్.ఐ.డి. డివైస్” అని ఉంటే అది కొత్త తరానిది, దానికి ముందు చిప్‌సెట్ డ్రైవర్లు, ఐ2సి తీగల డ్రైవరు సరిగా ఉండాలి.

అప్‌డేట్ చేసేటప్పుడు మూడు నియమాలు. ఒకటి, మీ లాప్‌టాప్ అడుగున ఉన్న మోడలు నంబరు చూసి, తయారీదారు ఆ మోడలుకే ఇచ్చినది తెచ్చుకోవాలి. రెండు, ఒకసారికి ఒకటే మార్చాలి. పాతదాని నంబరు, తేదీ కాగితం మీద రాసుకోవాలి. నాలుగు ఒకేసారి మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎలా తెలుస్తుంది? మూడు, వెనక్కి తీసుకోగలిగినవి ముందు, తీసుకోలేనివి చివర. డ్రైవరు నచ్చకపోతే పాతదానికి తిరిగి వెళ్ళే మీట విండోస్‌లోనే ఉంది. కాబట్టి ముందు చిప్‌సెట్ డ్రైవరు, తరవాత టచ్‌ప్యాడ్ డ్రైవరు. బయాస్, పలక ఫర్మ్‌వేరు ఆఖరున. ఆ రెండూ రాసేటప్పుడు బ్యాటరీ నిండా ఉండాలి, చార్జరు తగిలించి ఉండాలి, అది పూర్తయ్యేదాకా యంత్రాన్ని ముట్టుకోకూడదు. కరెంటు కోత వేళ ఆ పని పెట్టుకోకండి.

ఇవన్నీ అయ్యాక కూడా పలక మాట వినకపోతే అప్పుడు విప్పించండి. లోపలి పట్టీ తీగ వదులయిందేమో ముందు చూడమనండి. అదీ కాకపోతేనే కొత్త పలక.

సరే, సంత్రాగాఛి గట్టు మీద వదిలేసిన మీ దరఖాస్తు సంగతేమిటి? పన్నెండు కావస్తోంది, డ్రైవర్లు వెతికే సమయం లేదు. కంగారు పడకండి. ఎలుక పుట్టకముందు నుంచీ కీబోర్డు ఉంది. ట్యాబ్ మీట ఒక్కొక్కసారి నొక్కుతూ పోతే ఎంపిక ఒక్కో గడి చొప్పున ముందుకు జరుగుతుంది. పంపే మీట మీదకు రాగానే ఎంటర్ నొక్కండి. దరఖాస్తు వెళ్ళిపోతుంది.

బండి వచ్చేదాకా ఇక బాతుల ఈలలు వినవచ్చు. పలకతో తగాదా ఇంటికి వెళ్ళాక తీరిగ్గా తేల్చుకోవచ్చు. దానికి ముందు మాత్రం, తప్పు పలకదా, దాని మాట మోసే దుబాసీదా అన్నది తేలకుండా యంత్రాన్ని పారెయ్యకండి.